ఏ సూక్ష్మజీవో తేలితేనే టీకా

వానలు మొదలయ్యాయంటే విశాఖలో జ్వరం వచ్చిన ప్రతివారి చేతిలోనూ ఒక వైడల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టు ఉంటుంది. అందులో ‘1:160’ కనిపిస్తే చాలు, టైఫాయిడ్ అని తేల్చేసి యాంటీబయాటిక్ రాసేయడం పరిపాటి అయింది. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరం తాలూకు ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మిగిలి ఉన్నా, టైఫాయిడ్ బాక్టీరియా కుటుంబానికే చెందిన వేరే సాల్మొనెల్లా సోకినా, చివరికి మలేరియా ఉన్నా ఆ అంకె రావచ్చు. బాక్టీరియా ఒంటిమీది చక్కెరలనే టీకాలుగా మలుస్తున్న కాలంలో జబ్బు పేరును ఇలా ఊహకు వదిలేస్తే కుదరదు.

టైఫాయిడ్ బాక్టీరియా ‘వీఐ’ అనే చక్కెర గొలుసుల కవచం కప్పుకుని ఉంటుంది. ఆ చక్కెరను ఒక్కదాన్నే ఎక్కిస్తే రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు పట్టించుకోవు. అందుకే ఒట్టి చక్కెరతో చేసిన పాత టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయలేదు. మళ్లీ వేసినా బలం పెరగలేదు. చక్కెరను ప్రోటీన్‌కు అతికిస్తే ఈ చిక్కు తీరుతుందని శాస్త్రవేత్తలు ఏవరీ, గోబెల్ 1929-31లోనే జంతువులపై చూపారు. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టీకాలో ఉన్నది ఈ జతే. అర మిల్లీలీటరు మోతాదులో 25 మైక్రోగ్రాముల వీఐ చక్కెర టెటనస్ టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన ధనుర్వాత ప్రోటీన్)తో కలిసి ఉంటుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకూ వేయవచ్చు, ఒక్క మోతాదే. నేపాల్, బంగ్లాదేశ్, మలావీ పరీక్షల్లో అది తొలి రెండేళ్లలో సుమారు 80 శాతం రక్షణ ఇచ్చింది.

తయారీలో మాత్రం అడుగడుగునా జాగ్రత్త కావాలి. ఫెర్మెంటర్‌లో పెంచిన బాక్టీరియాను ఫార్మాల్డిహైడ్‌తో చంపి, చక్కెరను సెటావ్లాన్ అనే రసాయనంతో అడుగుకు దించి, ఆల్కహాల్‌తో శుద్ధి చేస్తారు. తర్వాత సాధారణంగా అడిపిక్ ఆసిడ్ డైహైడ్రజైడ్ అనే రసాయనాన్ని లంకెగా పెట్టి, కార్బోడైఇమైడ్ అనే మరో రసాయనం సాయంతో ప్రోటీన్‌కు కలుపుతారు. ఈ దారిలో ద్రావణం క్షారగుణం వైపు మొగ్గితే చక్కెర మీది ఎసిటైల్ అనే చిన్న పరమాణు గుంపులు ఊడిపోతాయి. చూడటానికి చక్కెర అలాగే ఉంటుంది గానీ, రక్షణనిచ్చే ప్రతిరక్షకాలను పుట్టించే శక్తి పోతుంది. గ్రాముకు కనీసం 2 మిల్లీమోల్స్ ఎసిటైల్ ఉండాలన్న నిబంధన అందుకే. జత కుదరక విడిగా మిగిలిపోయిన చక్కెరనూ బ్యాచి బ్యాచికీ కొలవాల్సిందే.

అసలు మెలిక ఇంకొకటుంది. ఇలాంటి టీకా తనకు తెలిసిన చక్కెరనే గుర్తుపడుతుంది. టైఫాయిడ్ లాంటి జ్వరమే తెచ్చే పారాటైఫి ‘ఎ’ బాక్టీరియాకు వీఐ కవచమే లేదు, దానికి ‘ఓ2’ చక్కెరను జోడించిన జంట టీకాలు ఇప్పుడు మనుషులపై పరీక్షల్లో ఉన్నాయి. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లాలో 50 రకాలకు పైనే. ఫ్లెక్స్‌నెరి 2ఎ రకం కోసం పారిస్‌లోని పాశ్చర్ సంస్థ 15 చక్కెరల గొలుసును ప్రయోగశాలలో కూర్చి టీకా చేసింది. అది సొన్నె రకాన్ని ఆపదు. విరేచనాలు తెచ్చే మరో బాక్టీరియా కాంపైలోబాక్టర్ విషయంలో ఇంకో ప్రమాదం: దాని కవచం కింది పొరలోని చక్కెరల్లో కొన్ని మన నరాల మీది చక్కెరలను పోలి ఉంటాయి. ఆ పోలికే గిలన్-బారే పక్షవాతానికి దారితీయగలదు. అందుకే టీకాకు పైకవచాన్నే తీసుకుని, ఆ కింది పొర జాడ లేకుండా కడగాలి.

మరి విశాఖ పిల్లల పేగుల్లో తిరుగుతున్నది వీటిలో ఏది? వైడల్ చెప్పలేదు. యాంటీబయాటిక్ పడకముందే పెద్దవారి నుంచి 8-10 మిల్లీలీటర్లు, పిల్లల నుంచి బరువును బట్టి రక్తం తీసి కల్చర్‌కు (ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపాలి. సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పెడితే బాక్టీరియా పెరగదు. మలం నమూనా ఉత్తి డబ్బాలో పాడేరు ఘాట్ దిగి వచ్చేసరికి షిగెల్లా చచ్చిపోతుంది, బాక్టీరియాను బతికించి ఉంచే కేరీ-బ్లెయిర్ గొట్టంలోనే పంపాలి. ఇంతా చేసి ‘షిగెల్లా’ అని రాసి వదిలేస్తే టీకా ఎంపికకు పనికిరాదు, రకం తేల్చాలి. కల్చర్ కూడా టైఫాయిడ్‌ను సగానికి కాస్త ఎక్కువ మందిలోనే పట్టుకుంటుంది నిజమే, కానీ అది పట్టుకున్నది నమ్మదగింది.

విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్, ఆంధ్ర వైద్య కళాశాల కేంద్రంగా ఈ పని ఏడాది పొడవునా నడపడానికి రాష్ట్ర ప్రభుత్వం కిట్లకూ సిబ్బందికీ ప్రత్యేకంగా నిధులివ్వాలి. టైఫాయిడ్ టీకాకైతే అంతవరకూ ఆగనక్కర్లేదు. నవీ ముంబయి నగరపాలక సంస్థ 2018లోనే పిల్లలకు ఉచితంగా వేయించింది. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ కొండవాలు బస్తీల నుంచి మొదలుపెట్టవచ్చు. కల్చర్ ఫలితాలు వార్డులవారీగా ప్రతి వారం నీటి సరఫరా ఇంజినీర్లకూ చేరాలి. మురుగు కాలువలో మునిగి ఉన్న కుళాయి పైపుల్లో దేన్ని ముందు మార్చాలో వాళ్లకు తెలిసేది అప్పుడే.