ముప్పై సెకన్లలో మెదడు జాతకం

ముప్పై సెకన్లు ఫోనులో మాట్లాడి, మెదడు తరంగాలను పట్టే ఒక పట్టీ నెత్తికి తగిలించుకుంటే చాలు, వైరస్ జ్వరం తగ్గాక మన మెదడులో ఏమి చెడిందో కృత్రిమ మేధ తేల్చేస్తుందని హామీ ఇచ్చే మహానుభావులు ఈ మధ్య ఎక్కువయ్యారు. హాన్స్ బెర్గర్ అనే అమాయకుడు 1924లో జర్మనీలో తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి, అవి నిజంగా మెదడువేనా అన్న సందేహం తీరక 1929 దాకా ప్రచురించలేదు. పాపం, ఆయనకు పెట్టుబడిదారులు లేరు.

ఈ పరీక్ష మన ఇంటి పెద్దాయనకు జరిగే తీరును ఊహించండి. ముప్పై సెకన్లలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పమంటారు. ఆయన "ఆవు" అని మొదలుపెట్టి, ఆ ఆవును ఏ సంతలో కొన్నారో, అది తొలి ఈతలో ఎన్ని పాలిచ్చిందో, దాన్ని అమ్మిన బావమరిది ఆ తరువాత ఎలా చెడిపోయాడో వివరిస్తుండగా ముప్పై సెకన్లు అయిపోతాయి. జంతువులు ఒకటి, భాషా సామర్థ్యం తీవ్రంగా దెబ్బతిన్నదని నివేదిక. ఇక తలకు పట్టించిన కొబ్బరినూనె మీద పట్టీలోని ఎలక్ట్రోడు (తరంగాలను పట్టే బిళ్ల) సరిగా అంటదు, కన్నార్పితే పుట్టే సంకేతం మెదడు తరంగాన్ని మించిపోతుంది, తెల్లవారకముందే లేచి వరుసలో నిలబడ్డ మనిషికి కునుకు పట్టగానే తరంగాలు నెమ్మదిస్తాయి. అదంతా వైరస్ ఖాతాలోకే!

2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు యంత్రానికి దగ్గు వినిపించి, కోవిడ్ ఉన్నవారిలో 98.5 శాతం మందిని గుర్తించామన్నారు. తరువాత బ్రిటన్‌లో 67 వేల మందికి పైగా గొంతులు సేకరించి, వయసు, లింగం, లక్షణాలు సరిపోల్చి చూసేసరికి ఆ తరహా యంత్రాల ప్రతిభ చాలావరకు కరిగిపోయింది. లక్షణాలేమిటని నోటితో అడిగితే తెలిసేదాని కంటే అవి ఎక్కువ చెప్పలేకపోయాయి. ఒంట్లో బాగాలేనివాడి గొంతు బాగుండదని కనిపెట్టడానికి ఇంత శాస్త్రం కావలసి వచ్చింది.

కోవిడ్ తరువాత కొందరికి మాట తట్టకపోవడం, ఆలోచన మందగించడం నిజమే. గొంతులోనూ మెదడు తరంగాలలోనూ దాని జాడలు వెదకడం తప్పు కాదు. కానీ జ్వరానికి ముందు ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో యంత్రానికి ఎవరు చెప్పారు?

పాఠం మధ్యలో మాట దొరక్క ఆగిపోతున్నానని కోవిడ్ తగ్గిన ఒక పంతులమ్మ తన నోటితో తానే చెబితే, డాక్టరు స్కానింగ్ చూసి "అంతా బాగానే ఉందమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆలోచన మందగింపును 2021 అక్టోబరులోనే కోవిడ్ అనంతర లక్షణంగా రాసిపెట్టింది, అది చదివే తీరిక లేదు. ఆమె మాటల నడుమ మౌనాన్ని మిల్లీసెకన్లలో కొలవడానికి డబ్బుంది, ఆమె మాట వినడానికి ఐదు నిమిషాలు లేవు. సిగ్గుండాలి! రేపు ఆ యాప్ పొరపాటున పచ్చ గుర్తు చూపిస్తే, ఆమె సెలవు చీటీని తిరగ్గొట్టే హెడ్మాస్టరుకు అదే సాక్ష్యమవుతుంది.