రిసీవర్‌కి జాతకం చూసే విధానం

ఏప్రిల్ వస్తే మన ఇళ్లల్లో ఇంటర్ రిజల్ట్స్ టెన్షన్, అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ టెన్షన్. ఎన్ఎఫ్ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగు, డ్రాఫ్ట్ అంటే అందులోని జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే తతంగం. 32 జట్లు, ఏడు రౌండ్లు, 250 పైచిలుకు కుర్రాళ్లు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడిన పిల్లల్లో ఎవడు ఉద్యోగానికి పనికొస్తాడో, ఎవడికి ఎన్నో ర్యాంకో మూడు రోజుల్లో తేలిపోతుంది. పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటూ, సోఫా దిగకుండా ఈ విద్య నేర్చుకున్నవాణ్ని కనుక నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. నా స్పెషలైజేషన్ వైడ్ రిసీవర్లు. అంటే, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తుకెళ్లి పట్టుకునేవాళ్లు.

పని బంతి పట్టుకోవడమే కదా, కాలేజీలో మూడేళ్లు ఎలా పట్టాడో చూస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. అందుకే మిమ్మల్ని ఎవరూ ఈ పనికి పిలవలేదు.

ముందు చూడాల్సింది ఇండియానాపొలిస్. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకు పెట్టే కంబైన్ అనే దేహపరీక్ష 1987 నుంచి ఆ ఊళ్లోనే జరుగుతుంది. కుర్రాళ్లు నిక్కర్లతో వరసగా వచ్చి నిలబడతారు. ఎత్తు, బరువు, చేతి పొడవు రాసుకుంటారు. తర్వాత అరచెయ్యి బార్లా చాపించి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలుస్తారు. అచ్చంగా మన జాన. తొమ్మిది అంగుళాలు రాకపోతే పెద్దలు పెదవి విరుస్తారు. మా నాయనమ్మ మల్లెపూలు కొనేటప్పుడు పూలమ్మి మోచెయ్యి వంక ఓసారి చూసి, "నీ మూర పొట్టిది, ఇంకో నాలుగు వేళ్లు వెయ్యి" అనేది. కంబైన్‌లో కుర్రాడి తరఫున అలా బేరమాడే నాయనమ్మ లేదు.

తర్వాత నలభై గజాల పరుగు, అంటే ముప్పయ్యారున్నర మీటర్లు. హెల్మెట్ ఉండదు, భుజాల మీద ప్యాడ్లు ఉండవు. మ్యాచ్‌లో మొదటి ఐదు గజాలు డిఫెండర్ ఎదురు రొమ్ము మీద చేతులేసి తొయ్యొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. ఇక్కడ డిఫెండరూ లేడు, బంతీ లేదు. గిట్టనివాళ్లు కొందరు దీన్ని ఎద్దుల సంత అంటారు. నేను ఒప్పుకోను. సంతలో ఎద్దును కొనేవాడు కనీసం కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూస్తాడు.

ఈ శాస్త్రం ఎంత గొప్పదో తెలియాలంటే 2017 చూడాలి. ఆ ఏడు వాషింగ్టన్ రాష్ట్రం నుంచే ఇద్దరు రిసీవర్లు వచ్చారు. జాన్ రాస్ సియాటెల్‌లోని పెద్ద యూనివర్సిటీ వాడు. నలభై గజాలు 4.22 సెకన్లలో పరుగెత్తి, 2008లో క్రిస్ జాన్సన్ పెట్టిన 4.24 రికార్డు చెరిపేశాడు. మా బూట్లు వేసుకుని ఆ రికార్డు కొట్టినవాడికి ఏకంగా ఒక ద్వీపం ఇస్తామని ఒక కంపెనీ ప్రకటించింది కూడా. రాస్ వేసుకున్నది వేరే కంపెనీ బూట్లు. అంతటి అదృష్టవంతుణ్ని సిన్సినాటి జట్టు తొమ్మిదో స్థానంలో ఎగరేసుకుపోయింది. మొదటి సీజన్‌లో అతను పట్టిన బంతులు సున్నా.

రెండోవాడు కూపర్ కప్. చదివింది చెనీ అనే చిన్న ఊళ్లో ఈస్టర్న్ వాషింగ్టన్. అక్కడి గ్రౌండులో గడ్డి ఎర్రగా ఉంటుంది. టీవీలో చూస్తే గుంటూరు మిర్చి యార్డులో ఫుట్‌బాల్ ఆడుతున్నట్టుంటుంది. ఆ ఎర్రగడ్డి మీద కాలేజీ రోజుల్లో 428 బంతులు పట్టాడు, 6,464 గజాలు సంపాదించాడు, అంటే బంతి పట్టి జట్టును అంత దూరం ముందుకు చేర్చాడు. కానీ పరుగు 4.62. పైగా చిన్న కాలేజీ, ఎదురు ఆడినవాళ్లు ఎవరని? మనవాళ్లు "ఏ కాలేజీ బాబూ" అని అడిగి, పేరు విన్నాక ప్లేటులోంచి ఇంకో కారప్పూస తీసుకుని మాట మారుస్తారు చూడండి, అలా మార్చారు. 68 మంది పేర్లు పిలిచాక 69వ పేరుగా రామ్స్ జట్టు తీసుకుంది.

ఇద్దరికీ తేడా సెకనులో నలభై వందో వంతులు. ఆ రెప్పపాటు ఖరీదు అరవై స్థానాలు.

2021 సీజన్‌లో కప్ 145 బంతులు పట్టాడు. 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు, అంటే బంతితో ఎదుటివాళ్ల ఆఖరి గీత దాటడాలు. మూడింట్లోనూ లీగు మొత్తానికీ ఫస్టు. ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌లోనూ అతనే ఉత్తమ ఆటగాడు. చాలామంది దీన్ని నిపుణుల తప్పు అంటారు. నాకైతే గడియారంలో ఏ లోపమూ కనిపించలేదు, అది 4.62 అనే చూపించింది. ఆ అంకెకు తగ్గట్టు ఆడాల్సిన బాధ్యత కుర్రాడిది.

ఇలా బాధ్యత మరిచినవాళ్లు ఇంకా ఉన్నారు. 2019లో డీకే మెట్‌కాఫ్ 228 పౌండ్ల దేహంతో 4.33లో పరుగెత్తాడు గానీ, మూడు శంకువుల చుట్టూ మెలికలు తిరగమంటే 7.38 పట్టింది. 2000లో టామ్ బ్రేడీ అనే క్వార్టర్‌బ్యాక్‌కి అదే పరీక్షలో పట్టింది 7.20. కదలడమే ఇష్టం లేని బ్రేడీ కన్నా నెమ్మదా అని అందరూ గుండెలు బాదుకున్నారు. 64వ స్థానంలో సియాటెల్ జట్టు తీసుకుంది. రెండో ఏడే 1,303 గజాలు చేశాడు. ఆ గజాల్లో మూడు శంకువుల చుట్టూ తిరిగినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

డెవాంటా స్మిత్ కథ వేరు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద అవార్డు హైస్మన్ 2020 సీజన్‌కి అతనికే వచ్చింది. బరువు చూస్తే 166 పౌండ్లు, మన లెక్కలో 75 కిలోలు. మా ఆవిడ టీవీలో చూసి, "పాపం, హాస్టల్ తిండేమో" అంది. నిపుణులు టై కట్టుకుని గంటలకొద్దీ చెప్పింది కూడా ఇదే.

ఇక ఇంటర్వ్యూలు. పెళ్లిచూపుల్లో "ఒక పాట పాడమ్మా" అన్నట్టు మొదలై ఎక్కడెక్కడికో పోతాయి. 2010లో డెజ్ బ్రయంట్ అనే రిసీవర్‌ని మయామీ జట్టు జనరల్ మేనేజర్ అతని తల్లి గురించి నోటితో అనరాని ప్రశ్న అడిగాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. దీనిమీద వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

నిపుణుల భాష కూడా కొంత తెలియాలి. "అప్‌సైడ్ ఉంది" అంటే ప్రస్తుతానికి ఏమీ రాదు. "అందరికన్నా ముందొచ్చి ఆఖర్న వెళ్తాడు" అంటే నెమ్మదిగా పరుగెత్తుతాడు. తెల్లకుర్రాడు రిసీవర్‌గా వస్తే, ఎత్తేదైనా ఆటేదైనా, పోల్చేది మాత్రం ఇంకో తెల్ల రిసీవర్‌తోనే. పేరు చివర తోక చూసి మనిషిని అంచనా వేసే విద్య మన ఒక్కరి సొత్తే అనుకున్నాను ఇన్నాళ్లూ.

చాదస్తులు కొందరు ఇంకో మాట అంటారు. బంతి పట్టినప్పుడు కాలేజీలో మైదానం అంచు గీత లోపల ఒక పాదం పడితే చాలు, ఎన్ఎఫ్ఎల్‌లో రెండూ పడాలి. అంచున గాల్లోకి లేచి, బంతిని ఒడిసిపట్టి, బయటికి పడిపోతూ కూడా రెండో కాలి బొటనవేలిని గడ్డికి తాకించి పోవడం, ఆ నేర్పు ఉందా అని చూడాలంటారు. చూడటానికి అందంగానే ఉంటుంది. కానీ దాన్ని ఏ యూనిట్లలో రాసుకోవాలి?

చెప్పినవి తప్పితే మీ పరువు పోదా అని ఒక మిత్రుడు అడిగాడు. ఉగాదికి పంచాంగ శ్రవణం వింటాం. ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. ఏడాది తిరిగాక లెక్క అప్పజెప్పమని పంతులుగారిని ఎవరైనా నిలదీశారా? 2023లో 176 మందిని పిలిచేదాకా పూకా నకువా అనే రిసీవర్ పేరు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ కుర్రాడు మొదటి సీజన్‌లోనే 1,486 గజాలు చేశాడు. మర్నాడు స్టూడియోలో కుర్చీలు అవే, మనుషులూ వాళ్లే.

మా వాడు ఏడో క్లాసు. స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతూ తనూ రిసీవర్ అవుతానన్నాడు. నిన్న సాయంత్రం ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద టేపుతో నలభై గజాలు కొలిచి, చాక్‌పీసుతో గీతలు గీసి పరుగెత్తించాను. 6.8. మళ్లీ పరుగెత్తించాను. 6.9. ఒగరుస్తూ వచ్చి, "నాన్నా, బాల్ ఎక్కడ?" అన్నాడు.

"బాల్ సంగతి తర్వాత, ముందు చెయ్యి చాపు" అన్నాను.