ఖాళీ ఇంటికి కావలి

కిరాయి ఇల్లు ఖాళీ చేసి పోయినంక కూడా పాత గుమ్మం ముందే పడుకుని కావలి కాసే కుక్కను ఎవరూ తిట్టరు. మెయిల్ బ్యాకప్‌ను మాత్రం అందరూ తిడతారు. ఇది ఘోర అన్యాయం.

హన్మకొండలో ఏదో ఆఫీసు సొంత ఎక్స్ఛేంజ్ సర్వర్ (ఆఫీసు తానే నడుపుకునే మెయిల్ మెషీన్) వదిలి మైక్రోసాఫ్ట్ 365కు, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్‌కు మారుతుంది. పాత సర్వర్‌లో ఉద్యోగుల పేర్లు మిగులుతాయి, మెయిల్ పెట్టెలు ఉండవు. ఈ ముచ్చట బ్యాకప్‌కు ఎవరూ చెప్పరు. అది మాత్రం రోజూ రాత్రి 11 గంటలకు లేచి, పాత డేటాబేస్ తలుపు తట్టి, సున్నా మెయిళ్లను భద్రంగా దాచి, పచ్చ టిక్కు పెట్టి పడుకుంటుంది. సున్నాను ఒక్కటి కూడా పోకుండా కాపాడటం మాటలా? కొత్త టెనెంట్‌కు, అంటే 365లో ఆఫీసుకు దక్కిన వాటాకు, కొత్త జాబ్ (బ్యాకప్ పని) పెట్టాలి, పాత కాపీలను ముట్టుకోకుండా ఉంచాలి. కానీ పాత జాబ్‌లోనే సర్వర్ పేరు మార్చి చూడటం మన ఆచారం.

అప్పుడు 401 వస్తుంది, అంటే "నువ్వెవరో నాకు తెల్వదు" అని. "పాస్‌వర్డ్ మార్చి చూడున్రి సార్" అని ఒకరంటారు. పదిసార్లు మారుస్తారు. 365లో మెయిల్ నడిపే ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ 2022 అక్టోబరు 1 నుంచే ఉత్త పాస్‌వర్డ్ లాగిన్‌ను మూసేస్తూ వచ్చింది కాబట్టి పదకొండోసారి కూడా అదే జవాబు. మైక్రోసాఫ్ట్ లాగిన్లు చూసే ఎంట్రాలో బ్యాకప్ కోసం యాప్ రిజిస్టర్ చేసి, మెయిల్ చదివే అప్లికేషన్ పర్మిషన్ ఇచ్చి, అడ్మిన్ కన్సెంట్ (అడ్మిన్ ఒప్పుకోలు) బటన్ నొక్కాలి. ఆ బటన్ మరిచిపోతే 403, అంటే "తెలుసు గానీ లోపలికి రానియ్య" అని. ఆ యాప్‌కు పాస్‌వర్డ్‌లా పెట్టే సీక్రెట్ గడువు గట్టిగా పెడితే 24 నెలలు. అది తీరిన రోజు తప్పంతా ఇంటర్నెట్ వాడిదే.

ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చదివే పద్ధతి) దారిలో పోయేవాళ్ల లొల్లి వేరు. ప్రతి మెయిల్‌కూ యూఐడీ అనే టోకెన్ నంబర్ ఉంటుంది, ఆ టోకెన్ల పుస్తకానికి యూఐడీవ్యాలిడిటీ అని ఇంకో నంబర్. సర్వర్ మారితే పుస్తకమే మారుతుంది. బుద్ధిమంతమైన బ్యాకప్ అది గమనించి మొత్తం మళ్లీ మొదటి నుంచి దించుకుంటుంది. డిస్క్ నిండుతుంది. తొందరపాటుది పుస్తకం చూడదు, "57వ టోకెన్ నా దగ్గరుందిగా" అని కొత్త 57ను వదిలేస్తుంది, రిపోర్ట్‌లో మాత్రం అంతా పచ్చన. కొత్త ఇల్లు జీమెయిల్ అయితే ఐమ్యాప్‌లో రోజుకు 2,500 ఎంబీ కన్నా ఎక్కువ దించనివ్వదు. 40 జీబీ పెట్టెకు పదిహేడు రోజులు. జీమెయిల్‌లో ఫోల్డర్లలా కనిపించే లేబుళ్లతో పాటు, అన్నీ ఒకేచోట చూపే 'ఆల్ మెయిల్' కూడా దించితే అదే ఉత్తరం రెండేసిసార్లు వచ్చి లెక్క ఇంకా పెరుగుతుంది. ఏదో ఒకటే ఎంచుకోవాలి, కానీ దసరాకు మొదలెట్టి దీపావళికి ముగించడంలో ఒక నిండుదనం ఉంది.

ఎనుమాముల మార్కెట్ దగ్గరి కమీషన్ షాపులో ఎవరో ఫోల్డర్‌కు 'తక్‌పట్టీలు' అని తెలుగు లిపిలో పేరు పెడతారు. ఐమ్యాప్ దాన్ని లోపల ఆంపర్సాండ్, డీ, సీ అంటూ మొదలై హైఫన్‌తో ముగిసే గజిబిజిగా రాసుకుంటుంది. మారిన యూటీఎఫ్-7 అంటారు దాన్ని. ఆ లిపి రాని పనిముట్టు ఫోల్డర్ దొరకలేదని దాటిపోతుంది. పత్తి అమ్మిన లెక్కలన్నీ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి మరి. ఫోల్డర్‌నూ దాని లోపలి ఫోల్డర్‌నూ విడదీసే చుక్క పోయి స్లాష్ గీత వచ్చే తంటా దీని ముందు ఏపాటిది?

429 అంటే "ఆగు, లైన్లో నిలబడు" అని. ఎంతసేపు ఆగాలో కూడా సర్వర్ చాలాసార్లు చెబుతుంది. ఒకేసారి దించే పెట్టెల సంఖ్య తగ్గిస్తే సర్దుకుంటుంది. మనవాళ్లు పెంచుతారు.

ఫోల్డర్ ఫోల్డర్‌కూ రెండు వైపులా మెయిళ్లు లెక్కపెట్టి, ఒక ఉత్తరాన్ని బ్యాకప్ నుంచి వేరే పెట్టెలోకి తిరిగి తెచ్చి, అటాచ్‌మెంట్ తెరిచి చూడమని చాదస్తులు సలహా ఇస్తారు. అరగంట పని. ఆ అరగంటలో మానేసిపోయిన అకౌంటెంట్ లైసెన్స్ తీసేసి పైసలు మిగిల్చుకోవచ్చు. హోల్డ్ (చెరపొద్దని వేసే తాళం) పెట్టకపోతే ఆయన పెట్టె ఇంకో 30 రోజులుంటుంది. ముప్పై ఒకటో రోజు ఆడిటర్ పాత ఇన్‌వాయిస్ అడుగుతాడు. ఆ పొద్దున బ్యాకప్ రిపోర్ట్: విజయవంతం. లోపాలు 0. మెయిళ్లు 0.