మేనేజరు గారు ఇక లేరు

మూడు రోజులుగా మా మేనమామ పొద్దున్నే ఫోను చేసి, "ఏరా, ఇవాళ ఎవరైనా పోయారా?" అని అడిగి పెట్టేస్తున్నాడు. సంగతి చుట్టాలందరికీ పాకింది. నా వైపు కథ ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

తిరుపతి రైల్వే స్టేషను దగ్గర మామకు లాడ్జి ఉంది. ముందు కౌంటరులో ఒకటి, వెనుక గేటు దగ్గర ఒకటి, దుప్పట్లు పెట్టే రెండో అంతస్తు గదిలో ఒకటి, మొత్తం మూడు కంప్యూటర్లు. ఎక్కడ గది ఇచ్చినా మిగతా రెండింటికీ తెలియాలి. "నువ్వు కంప్యూటర్లవాడివే కదా" అన్నాడు మామ. డబ్బుల మాట రాని పనులన్నీ ఈ వాక్యంతోనే మొదలవుతాయి.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇలాంటి పనికి జేగ్రూప్స్ అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, ఉంది. గుంపులో చేరిన ప్రోగ్రాములన్నిటికీ సందేశాలు అందిస్తుంది. ఎవరు చేరినా, ఎవరు తప్పుకున్నా సభ్యుల కొత్త జాబితా పంపుతుంది. ఆ జాబితాను వ్యూ అంటారు. అందులో మొదటి పేరు ఎవరిదైతే వాళ్లే గుంపుకు పెద్ద. సభ్యులు ఒకరికొకరు "ఉన్నాను, ఉన్నాను" అని చెప్పుకుంటూ ఉంటారు. ఆ మాట ఆగిందంటే ముందు అనుమానం, తర్వాత "ఉన్నావా?" అని ఇంకోసారి అడగడం, అప్పటికీ పలకకపోతే పేరు కొట్టేయడం. కొత్త ఆలోచనేమీ కాదు, 1980లలోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో కెన్ బిర్మన్ బృందం ఐసిస్ అనే వ్యవస్థలో చేసి చూపించింది. నేను రెండు ఆదివారాల్లో లాడ్జికి ఎక్కించాను.

తీరా ఎక్కించాక తెలిసింది, కౌంటరు కుర్రాళ్లు తెర వైపు చూడరు. ఫోను వైపే చూస్తారు. సరే, స్పీకరు పెట్టి మాటల్లో చెప్పిద్దామనుకున్నాం. ఒక కంప్యూటరు పలకకపోతే "సంబంధం తెగిపోయింది" అనాలని రాశాను. "తెగిపోవడమేమిటి, అపశకునం! యాత్రికులు వింటారు" అన్నాడు మామ. "జాబితాలో ఇక లేరు" అని మార్చాను. "జాబితా గొడవ యాత్రికులకెందుకు? తీసెయ్" అన్నాడు. తీసేశాను. ముందు కౌంటరు కంప్యూటరుకు 'మేనేజరు' అని పేరు పెడితే, దానికి 'గారు' తగిలించిందీ ఆయనే. గొంతు మాత్రం నాది. రికార్డు చేసిన రోజు జలుబు చేసి గొంతు పూడుకుపోయి ఉంది.

మొదటి రాత్రి కాపలాగా వెనుక గేటు దగ్గరే కుర్చీలో పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి, కొండకు వెళ్లే జీపు కోసం ఇరవై మంది దాకా అక్కడ నిలబడి ఉన్నారు. స్పీకరు మెల్లగా గొంతు సవరించుకుంది.

"మేనేజరు గారు ఇక లేరు."

ఒక నిట్టూర్పంత విరామం. వాక్యాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకూడదని ఆ విరామం నేనే పెట్టాను.

"రెండో అంతస్తు గారు ఇక లేరు. ఇకపై వెనుక గేటు గారే పెద్ద."

రెండో అంతస్తు గారి గురించి ఎవరూ బాధపడలేదు. మొదటి వాక్యం దగ్గరే అందరూ ఆగిపోయారు. ఒక పెద్దాయన తలమీది మఫ్లరు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయ్యో, రాత్రి కూడా వేడినీళ్లు పంపించాడే మహానుభావుడు!" అంది ఒక ముసలమ్మ. (వేడినీళ్లు పంపింది నేను. మేనేజరు గారు అప్పుడు భోజనానికి వెళ్లారు.) ఇంతలో అసలు సమస్య వచ్చింది. ఇప్పుడు దర్శనానికి వెళ్లవచ్చా, మైల ఉంటుందా? బంధువు కాదు కాబట్టి లేదన్నాడు మఫ్లరాయన. "నిన్న ఆయన చేతి కాఫీ తాగాం కదా" అంది ముసలమ్మ. కాఫీకి మైల అంటదని ఒకరు, స్నానం చేస్తే చాలని మరొకరు. పెద్ద ఎవరని ఇంకెవరో అడిగితే అందరూ నా వైపు చూశారు. వెనుక గేటు దగ్గర కుర్చీలో ఉన్నది నేనే. నోరు పెగల్లేదు.

జరిగింది ఇది. ముందు కౌంటరులో మేనేజరు గారికి కాఫీ మీదికి మనసు పోయింది. కెటిల్‌కు ప్లగ్గు కావాలి. కంప్యూటర్లను కలిపే పెట్టె ప్లగ్గు పీకేశారు. ఆ పెట్టెను మావాళ్లు స్విచ్ అంటారు. "స్విచ్ ముట్టుకోకండి" అని పదిసార్లు చెప్పాను. "స్విచ్ ముట్టుకోలేదయ్యా, ప్లగ్గు తీశాను" అన్నారు తర్వాత. దాంతో మూడు కంప్యూటర్లూ వేటికవి ఒంటరివయ్యాయి. ప్రతిదీ మిగతా రెండూ పోయాయనుకుని, ఒక్క పేరున్న జాబితా రాసుకుని తానే పెద్దనని ప్రకటించుకుంది. గంగజాతరలో వేషం కట్టినట్టు ముగ్గురికి ముగ్గురూ దొరలే.

వాటిని తప్పుపట్టను. సందేశం ఎంతసేపటికి చేరుతుందో హద్దు లేని చోట, ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా, అందరూ ఒక మాట మీదికి వచ్చి తీరుతారని హామీ ఇవ్వలేమని 1985లోనే ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అనే కంప్యూటరు శాస్త్రవేత్తలు నిరూపించారు. ఆగిపోయినవాడికీ ఆలస్యంగా పలికేవాడికీ తేడా తెలియకపోవడమే అక్కడ చిక్కు. మా మేనేజరు గారితో పని చేసినవాళ్లకు ఆ నిరూపణ అక్కర్లేదు.

కాఫీ అయింది. పెట్టె ప్లగ్గు మళ్లీ పెట్టి, ఇక్కడ గుమిగూడిన జనమేమిటో చూద్దామని గ్లాసు పట్టుకుని ఆయన వెనక్కి వచ్చారు.

"ఎవరు పోయారు?" అన్నారు.

విడిపోయిన జాబితాలు కలవడానికి జేగ్రూప్స్‌కు కొన్ని క్షణాలు పడుతుంది. సరిగ్గా ఆయన గడప దాటేసరికి కలిశాయి. స్పీకరు నా జలుబు గొంతుతో అంది: "మేనేజరు గారు మళ్లీ వచ్చారు."

"గోవిందా! గోవిందా!" అని ఇరవై మందీ ఒక్కసారిగా అరిచారు. ముసలమ్మ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. కాఫీ నా చొక్కా మీద పడింది.

ఈలోగా ముందు కౌంటరు 206వ గదిని ఒక కుటుంబానికి ఇచ్చింది, రెండో అంతస్తు అదే గదిని ఇంకొకరికి ఇచ్చింది. లైబ్రరీ సభ్యుల జాబితాలను కలుపుతుందే తప్ప గదుల లెక్కలు కలపదు. అది ప్రోగ్రాము రాసేవాడి పని. నేను తర్వాత చూద్దామని వదిలేసిన పని. ఆ రెండు కుటుంబాలూ గది తలుపు దగ్గర కలుసుకున్న తీరు ఇక్కడ రాయను.

మేనేజరు గారు మొన్నటి నుంచి రావడం లేదు. మామ ఫోను చేస్తే, "నేను ఇక లేను కదండీ, మీ మేనల్లుడు మైకులో చెప్పాడు" అన్నారట. ఆయన వచ్చేదాకా కౌంటరులో నన్ను కూర్చోమన్నాడు మామ. అక్కడి నుంచే రాస్తున్నాను. 206 వాళ్లు మెట్లు దిగి ఇటే వస్తున్నారు, ఇద్దరూ.