తినకుండా హొక్కియన్ వంటలు అన్వేషించుట

పరాయి వంటలను అన్వేషించడానికి ఉన్న ఆటంకాలన్నిట్లోకీ పెద్దది తినడం. ఈ మాట తొందరపడి అనడం లేదు. సింగపూరులో ఉంటున్న ఏడుగురు తెలుగు మిత్రులం మూడు వారాలు వాట్సాప్‌లో కొట్టుకుని, ఒక శనివారం సాయంత్రం సంప్రదాయ హొక్కియన్ వంటల సంగతేమిటో తేల్చేద్దామని బయల్దేరాం. ఏడుగురిలో ఆరుగురు ఆ పనిని ఎంతో నిష్ఠగా, అంటే దాదాపు ఏమీ ముట్టకుండా, పూర్తి చేశారు. ఏడో మనిషి దారి తప్పాడు. ఆ సంగతి తర్వాత.

ముందు హొక్కియన్లు ఎవరో చెప్పాలి, ఎందుకంటే మా నెల్లూరాయన ఆ సాయంత్రం దాకా అదొక రకం నూడుల్స్ పేరనే అనుకుంటున్నాడు. చైనాలో ఫుజియాన్ అనే రాష్ట్రం ఉంది. ఆ మాటనే అక్కడి దక్షిణ తీరపు జనం తమ భాషలో హొక్కియన్ అంటారు. షియామెన్, చువాన్‌జౌ, జాంగ్‌జౌ చుట్టుపక్కల నుంచి ఓడలెక్కి మలేషియాలోని పినాంగ్‌కీ, మనీలాకీ, తైవాన్‌కీ, సింగపూరుకీ పొట్ట చేతపట్టుకుని వచ్చారు. సింగపూరు చైనీయుల్లో అందరికన్నా ఎక్కువమంది వీళ్ళే. తెలోక్ అయర్ వీధిలో 1842 నాటికి కట్టడం పూర్తయిన తియాన్ హాక్ కెంగ్ గుడి వీళ్ళదే. అందులో ఉన్నది సముద్రాన్ని కాచే తల్లి మాజు. ఆ రోజుల్లో గుడి ఎదురుగానే సముద్రం. ప్రాణాలతో ఒడ్డెక్కినవాడు ముందు ఆ తల్లికి దండం పెట్టుకుని, తర్వాత కూటి సంగతి చూసుకునేవాడు. ఇప్పుడు సముద్రాన్ని పూడ్చి అద్దాల మేడలు కట్టేశారు. మేము ముందు ఫొటో తీసుకుని, తర్వాత ఏసీ ఎక్కడుందో చూసుకున్నాం.

నిజానికి వీళ్ళకూ మనకూ చుట్టరికం కలపడానికి కావలసినంత సరుకుంది. పాతకాలం హొక్కియన్లు ఎదురుపడితే 'చియా పా బ్వే' అంటారు. అంటే, కడుపునిండా తిన్నావా అని. క్షేమం అడగడానికి భోజనం సంగతి అడిగే జాతి మనమొక్కళ్ళమే అనుకుని ఇన్నాళ్ళూ పొంగిపోయాం. ఇక 'టీ' అన్న మాట ఇంగ్లీషుదని మన నమ్మకం కదా. ఇంగ్లీషువాళ్ళకు ఆ మాట ఫుజియాన్ తీరపు 'తే' నుంచే చేరింది, డచ్చి వర్తకుల ఓడల్లో. మా శాకాహారి మిత్రుడు టీని పట్టుబట్టి తేనీరు అనే రకం. అందులో నీరు మాత్రమే మనదని చెప్పిన దగ్గర్నుంచి ఆయన కాఫీకి మారాడు.

హాకర్ సెంటర్‌కి, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి చేరాం. సింగపూరు హాకర్ సంస్కృతిని యునెస్కో 2020లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వంలో నాకు మొదట కనిపించింది ఖాళీ టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్. దాని అర్థం, ఈ చోటు మాది, మేము క్యూలో ఉన్నాం అని. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన జాతికి దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మా కోనసీమాయన జేబులోంచి కర్చీఫు తీసి పక్క టేబుల్ మీద పరిచాడు. అన్వేషణ అప్పటికే సగం విజయవంతం.

మిగతా సగం ఆర్డర్ ఇవ్వడం. ఇక్కడే అసలు తత్వం ఉంది. 'హొక్కియన్ మీ' అంటే ఏమిటన్న ప్రశ్న లేచింది. 'మీ' అంటే నూడుల్స్, అక్కడిదాకా పేచీ లేదు. మా గుంటూరాయన కౌలాలంపూర్‌లో అయిదేళ్ళు చేశాడు. ఆయన లెక్కలో అది నల్లటి సోయా సాస్‌లో బొగ్గుల మంట మీద వేయించిన లావు నూడుల్స్, పైన కరకరలాడే పంది కొవ్వు ముక్కలు. పినాంగ్‌లో చదువుకున్న మా వైజాగ్ అమ్మాయి లెక్కలో అది రొయ్య తలలు, డొప్పలు మరిగించి తీసిన ఎర్రటి పులుసులో తేలే నూడుల్స్. దాన్ని సింగపూరులో ప్రాన్ మీ అంటారు. సింగపూరులో హొక్కియన్ మీ అని అడిగితే పసుపు నూడుల్స్, తెల్ల బియ్యం నూడుల్స్ కలిపి రొయ్యల రసంలో మగ్గబెట్టి, పక్కన చిన్న నిమ్మకాయ చెక్క, సాంబల్ అనే మిరప పచ్చడి ముద్ద పెట్టి ఇస్తారు. పేరు ఒకటే, మూడు ఊళ్ళు, మూడు వంటకాలు. మూడూ హొక్కియన్లు వలస వచ్చాక ఈ రూపం దాల్చినవే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నూడుల్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసే హొక్కియన్లు మిగిలిపోయిన వాటిని రాత్రిళ్ళు రోచోర్ రోడ్డు పక్కన వేయించుకుంటుంటే సింగపూరు రకం పుట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు.

"ఏందయ్యా ఇది? నలుపు లేకుండా హొక్కియన్ మీ ఏంది?" అన్నాడు గుంటూరాయన. వైజాగ్ అమ్మాయి ఫోన్ తీసి ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. పప్పుచారుకీ సాంబారుకీ తేడా మీద పెళ్ళి పందిట్లో జరిగే చర్చ కూడా ఇంత గంభీరంగా ఉండదు. నలభై నిమిషాలు గడిచాయి. ఈ లోపల మా వెనక తొమ్మిదిమంది తినేసి వెళ్ళారు. వాళ్ళకు ఒక్క ముక్క కూడా తెలియదు, పాపం, ఊరికే తిన్నారు.

చివరికి ఒక ప్లేటు వచ్చింది. పోకచెట్టు పట్ట మీద వడ్డించారు. "మన ఫంక్షన్లలో ఇచ్చే ప్లేట్లే కదా" అని నెల్లూరాయన దాన్ని తిప్పి చూశాడు, రసం చొక్కా మీద పడింది. సన్న నూడుల్స్‌ని చూసి ఎవరో సేమియా ఉప్మా అన్నారు. అంతటితో ఆ వంటకం మీద పరిశోధన ముగిసింది. ఉప్మా అని తేలిపోయాక దాన్ని తినే తెలుగువాడెవడు?

ఇదే పద్ధతి మిగతావాటికీ వాడాం. గుడ్డు, చిలగడదుంప పిండి జారుగా కలిపి ఆలిచిప్పల మాంసం వేసి పెనం మీద పోసేది మన అట్టు. గంజిలా చిక్కగా జారే రసంలో వెల్లుల్లి, వెనిగర్ వేసిన లోర్ మీ మన అంబలి, కొంచెం చెడిపోయింది. ఇలా ప్రతిదానికీ మన పేరు పెట్టేస్తే రుచి చూడాల్సిన అవసరం ఉండదు, తెలిసిపోయిన దాన్నే మళ్ళీ తెలుసుకున్న తృప్తి మాత్రం మిగులుతుంది.

పోపియా అనే పలచటి రోల్ దగ్గర మాత్రం ఈ పద్ధతి కాస్త తడబడింది. ఆ దుకాణంలో ఒక ముసలావిడ, అందరూ ఆంటీ అని పిలుస్తారు, కుడి చేతిలో జిగురుగా వేలాడే మైదా ముద్దను ఆడిస్తూ కాలిన ఇనప పెనం మీద గుండ్రంగా ఒక్కసారి రుద్ది పైకి లాగేస్తుంది. పెనం మీద సిగరెట్ కాగితమంత పలచని పొర మిగులుతుంది. అంచు కాస్త లేవగానే ఎడమ చేతి గోళ్ళతో ఒలిచి దొంతర మీద వేస్తుంది. ముద్ద ఒక్కసారి కూడా కింద పడలేదు. మా కోనసీమాయన నోట మాట లేదు. ఆత్రేయపురంలో వాళ్ళ మేనత్త బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో పిండి రాసి పూతరేకు తీసేది ఆయన కళ్ళ ముందు కదిలిందనుకుంటాను. ఒక నిమిషం నిలబడి చూసి, తేరుకుని, "ఆయ్, ఇది మన పూతరేకేనండి, పట్టుకెళ్ళిపోయారు" అన్నాడు. లోపల బెల్లం, నెయ్యికి బదులు సన్నగా తరిగి ఉడికించిన దుంప, వేరుశనగ పొడి, గుడ్డు, వెల్లుల్లి, తియ్యటి నల్ల సాస్ ఉంటాయని తెలిశాక దొంగతనం కూడా సరిగ్గా చేతకాలేదని తీర్పిచ్చాడు.

దుంప అనగానే మా శాకాహారి ముందుకొచ్చాడు. మాంసం లేకుండా కావాలన్నాడు. "కెన్, కెన్. నో మీట్" అంది ఆంటీ. ఆయన ముఖం వెలిగింది. "ఓన్లీ ప్రాన్" అంది ఆంటీ. దుంప ఉడికిందే రొయ్యల రసంలో. అప్పుడాయన మెనూ బోర్డంతా గాలించి ఒక పానీయం కనిపెట్టాడు. బక్ కుట్ తే. చివర 'తే' ఉంది కదా, ఈ రాత్రికి స్వచ్ఛమైన హొక్కియన్ తేనీరే తాగుతాను, ప్రాయశ్చిత్తం అవుతుంది అన్నాడు. వచ్చిన గిన్నెలో పంది పక్కటెముకలు తేలుతున్నాయి. మాంసం, ఎముక, టీ అని ఆ పేరుకు అర్థం. టీ అందులో ఉండదు, పక్కన విడిగా తాగుతారు. తెలుగులో నేతి బీరకాయ పెట్టుకున్న మనం ఇందులో తప్పు పట్టలేం. షియామెన్ వైపు అయితే 'మట్టి వెదురు మొలకల జెల్లీ' అని ఇంకొకటి దొరుకుతుంది. పేరు విని శాకాహారులు మనసుపడతారు. ఆ మొలకలు సముద్రపు బురదలో తవ్విన పురుగులు. ఆయనకు ఇది చెప్పలేదు, అప్పటికే రెండు దెబ్బలు తిన్నాడు.

మా నెల్లూరాయన ఇంటర్నెట్‌లో చదువుకొచ్చాడు, బుద్ధుడు గోడ దూకాడు అనే వంటకం ఉందని. ఆ వాసనకు శాకాహారి సన్యాసి కూడా గోడ దూకి వచ్చాడట. ఉందా అని అడిగితే ఆంటీ ముఖం ముడుచుకుంది. అది ఫుజౌ వాళ్ళది. రాష్ట్రం ఒకటే గానీ భాష వేరు, వంట వేరు. ఆవిడ చూపు నాకు తెలుసు. నెల్లూరు చేపల పులుసును గోదావరి పులుసు అన్నప్పుడు ఈ పెద్దమనిషే నన్ను అలా చూశాడు.

ఇంతలో వరంగల్ వదిన సంచీలోంచి సీసా తీసింది. అన్వేషణకు వెళ్ళేటప్పుడు ఆవకాయ తీసుకెళ్ళడం పిరికితనం కాదు, ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎవరెస్ట్ ఎక్కుతారా? "జర నంజుకో, లేకుంటే గొంతు దిగదు" అని అందరికీ తలో బద్ద వేసింది. ఆరుగురూ ఆవకాయ బద్దలు చప్పరిస్తూ హొక్కియన్ వంటల్లో కారం సరిపోలేదని ఏకగ్రీవంగా తేల్చారు.

టేబుల్ మధ్యలో మిగిలింది ఒక్కటే. ఙొ హియాంగ్. పంది మాంసం, రొయ్య కైమాలో ఐదు సుగంధాల పొడి కలిపి, సోయా మీగడ తొక్కలో చుట్టి, వేయించి, ఏటవాలుగా కోసిన ముక్క. మిగతా ముక్కలు తలా ఒకటి వాసన చూడటానికి తీసుకుని మర్యాదగా ప్లేటు అంచున పెట్టేశారు. నడుమ మాత్రం ఒక్కటి. దానికి ఇక్కడ పేరే ఉంది, పైసే పీస్. పైసే అంటే హొక్కియన్‌లో మొహమాటం. ఆఖరి ముక్క తీసుకోవడానికి అందరికీ మొహమాటమే. "మీరు తీసుకోండి", "అబ్బే, మీరు", "నాకు కడుపు నిండిపోయింది" అని ఆరుగురూ ఖాళీ కడుపులతో అన్నారు. ఆ రాత్రి మేము పూర్తిగా వంటపట్టించుకున్న హొక్కియన్ సంప్రదాయం ఇదొక్కటే.

ముక్క మీద గోధుమరంగు పొర అక్కడక్కడా పొంగి బుడగలు కట్టింది. నూనె ఆరి మెరుస్తోంది.

లిటిల్ ఇండియాలో పెరుగన్నం దొరికే చోటు పదిన్నరకు మూసేస్తారని ఎవరో గుర్తుచేశారు. అందరూ లేచారు. తిన్న ట్రేలు మనమే తీసుకెళ్ళి పెట్టాలని ఇక్కడ రూలు, లేకపోతే జరిమానా. ఆ పని నేను చేస్తానన్నాను. నా సేవాభావానికి వదిన మెచ్చుకుంది.

టేబుల్ నుంచి ట్రేలు పెట్టే అరల దాకా ఇరవై అడుగులు. పన్నెండో అడుగు దగ్గర ఒక స్తంభం ఉంది. ఆ చాటున ముక్క నోట్లో వేసుకున్నాను. తొక్క కరకరమంది, తర్వాత లోపల మెత్తగా, కాస్త తియ్యగా, ఆ వెనకాల అనాసపువ్వు, దాల్చినచెక్క. తల ఎత్తితే ఎదురుగా దుకాణంలోంచి ఒక ఆంటీ చూస్తోంది.

"చియా పా బ్వే?" అంది.

నోట్లో ముక్క ఉంది. తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఏమీ అనకుండా కత్తి తీసుకుని ఇంకో రోల్ కొయ్యడం మొదలుపెట్టింది. జేబులో ఫోన్ మోగుతోంది. టాక్సీ వచ్చిందట, ఎక్కడ చచ్చావని గుంటూరాయన. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, పక్కనున్న టేబుల్ మీద నా టిష్యూ ప్యాకెట్ పెట్టాను.