ధావన్ గారి పొరపాటు

నాయకత్వ శిక్షణ తరగతుల్లో ఒకప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారిని ఆదర్శంగా చూపడం ఇకనైనా మానుకోవాలని నిర్వాహకులకు నా సవినయ మనవి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నత్రికామ్లం కారిపోయిన పాపానికి, కొద్ది నిమిషాల్లోనే బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం, బాధ్యత తనదేనని ఒప్పుకోవడానికి సిద్ధంగా, పక్కనే ఉన్నారు. ఇంత మేలైన బలిపశువు అందుబాటులో ఉండగా, ఛైర్మన్ హోదాలో ధావన్ గారు తానే విలేకరుల ముందు కూర్చుని వైఫల్యాన్ని నెత్తికెత్తుకున్నారు. పోనీ, గత ప్రభుత్వాన్నైనా తిట్టారా? సరిగ్గా పదమూడు రోజుల కిందటే మొరార్జీ దేశాయ్ స్థానంలో చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు. అంతటి కల్పవృక్షం పెరట్లోనే ఉన్నా ఒక్క కొమ్మ వంచలేదు.

1980 జులై 18న అదే శ్రేణి రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజైనా ముందు వరుసలో నిలబడవలసిన పెద్దమనిషి, విలేకరుల దగ్గరికి కలాం గారిని పంపి తాను పక్కకు తప్పుకున్నారు. కలాం గారు రాష్ట్రపతి అయ్యాక కూడా ఈ సంగతిని సభల్లో మురిసిపోతూ చెప్పేవారంటే, చెడు అలవాటు శిష్యులకు ఎలా సోకుతుందో గ్రహించవచ్చు.

ఇక కృతజ్ఞత. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ధావన్ గారి పేరు పెట్టింది 2002లో, ఆయన పోయిన తరువాత. బతికుండగా ఆయన పటానికి పాలాభిషేకం జరిగినట్టు నేనెక్కడా చదవలేదు. మా వీధిలో ఇటువంటి ఆలస్యం ఉండదు. మురుగు కాలువ మంజూరైందన్న కబురు వచ్చిన సాయంత్రానికే కూడలిలో ఫ్లెక్సీ లేచింది. మధ్యలో నాయకుడు, చుట్టూ రేషన్ కార్డు ఫొటోల సైజులో పద్నాలుగు తలకాయలు. కార్యకర్తలు పాల ప్యాకెట్లను పళ్లతో చించి, ఫొటో సరిగ్గా రాలేదని రెండోసారి కూడా పోశారు. ఆ పాలు పారడానికి కాలువ లేక మా గుమ్మం ముందే నిలిచి, మర్నాటికి విరిగాయి.

నిరుడు రెండో విడత నిధులు మంజూరయ్యాయి. కాలువ ఇంకా రాలేదు గానీ, అనుభవం ఊరికే పోలేదు. ఈసారి ఫ్లెక్సీ కింద బకెట్ పెట్టారు.