డెల్టా తీరానికి చిన్న మైన్‌స్వీపర్: తుపాకీ కంటే ముందు తేల్చవలసినవి

మన నౌకాదళంలో కాకినాడ పేరు రెండు మైన్‌స్వీపర్లకు, అంటే ఓడలను పేల్చేందుకు నీటిలో పరిచిన మైన్లను ఏరివేసే నౌకలకు, దక్కింది. మొదటిది 1956లో బ్రిటన్ నుంచి కొన్న టన్ తరగతి నౌక. అల్యూమినియం చట్రం మీద మహాగని చెక్క పలకలు బిగించి దాన్ని కట్టారు. రెండోది సోవియట్ యూనియన్‌లో తయారై 1986లో చేరింది, 2017 మేలో సేవల నుంచి తప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో ఐఎన్ఎస్ కోజికోడ్‌కు కూడా వీడ్కోలు పలికాక, ఈ పని కోసమే కట్టిన నౌక నౌకాదళం చేతిలో ఒక్కటీ మిగల్లేదు. దక్షిణ కొరియా సంస్థ సాంకేతిక సాయంతో గోవాలో పన్నెండు నౌకలు కట్టాలన్న ప్రయత్నం 2018లో రద్దయింది. 2025 జులైలో ఇలాంటి నౌకల సేకరణకు మళ్లీ ప్రాథమిక ఆమోదం లభించింది. అవి వచ్చినా, పెద్ద నౌకలు కనుక, గోదావరి డెల్టా ముందున్న లోతు తక్కువ నీళ్లలో వాటితో అన్ని పనులూ సాగవు. ఇక్కడికి విడిగా ఒక చిన్న నౌక కావాలి. దాన్ని ఎలా కట్టాలి, దానిమీద ఏ ఆయుధం పెట్టాలి అన్న చర్చ ఇప్పుడే మొదలుకావాలి.

ఈ తీరానికి యుద్ధం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో విశాఖ ముంగిట మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీకి అప్పగించిన పనుల్లో ఆ నీళ్లలో మైన్లు పరచడం కూడా ఒకటి. మైను చౌక ఆయుధం, పాతబడినా పనిచేసే ఆయుధం. 1988లో పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ అడుగును చీల్చిన మైను నమూనా 1908 నాటిది. కాకినాడ దారిలో అలాంటిది ఒక్కటి ఉందన్న అనుమానం వచ్చినా బీమా ధరలు పెరుగుతాయి, బియ్యం ఓడలు రావడం మానేస్తాయి, లంగరు వేసిన ఓడల దగ్గరకు సరుకు మోసే బార్జీలు కదలవు. గాడిమొగ, ఓడలరేవు టెర్మినళ్లకు సముద్రగర్భం నుంచి గ్యాస్ తెచ్చే గొట్టాలు కూడా ఈ ముంగిటి గుండానే వస్తాయి.

నమూనా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 1950లలో మనకు వచ్చిన ఐఎన్ఎస్ బిమ్లీపట్నం బ్రిటన్‌వారి హామ్ తరగతికి చెందిన తీర మైన్‌స్వీపర్. దాని పొడవు సుమారు 32 మీటర్లు, నీటిలో మునిగే భాగం రెండు మీటర్ల లోపే. డెల్టాకు కావలసిన కొలత ఇంచుమించు ఇదే. చెక్కకు బదులు ఇప్పుడు గాజునారతో, అంటే మన జాలర్లు ఫైబర్ అని పిలిచే దానితో, పొట్టు (నౌక బయటి గుల్ల) కట్టవచ్చు. 1973లో సేవలో చేరిన బ్రిటిష్ నౌక విల్టన్ మొత్తం ఫైబర్‌తో కట్టిన తొలి యుద్ధనౌక. తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టిన పనితనం తరతరాలది. ఫైబర్ పడవల మరమ్మతు తీరం పొడవునా తెలిసిన పని. నీటి అడుగున పేలుడు అదురును తట్టుకునే మందమైన పొట్టు వేరే స్థాయి విద్య, నిజమే. కానీ శిక్షణ ఇవ్వడానికి ఇక్కడ చేతులు సిద్ధంగా ఉన్నాయి.

ఓడలోని ఇనుము అయస్కాంతాన్ని పసిగట్టి పేలే మైన్లకు పొట్టు ఒక్కటే దొరకకపోతే చాలదు. ఇంజను, లంగరు గొలుసు, వంటగది పొయ్యి, పనిముట్ల పెట్టెలోని స్పానర్లు కూడా అడుగున ఉన్న మైనుకు నౌక జాడ చెబుతాయి. అందుకే ఇంజన్లను వీలైనంత వరకు అయస్కాంత గుణం తక్కువున్న లోహాలతో చేస్తారు, శబ్దం నీటిలోకి దిగకుండా అదురును మింగే దిమ్మల మీద కూర్చోబెడతారు, మిగిలిన అయస్కాంతాన్ని రద్దుచేసేందుకు పొట్టు లోపల విద్యుత్తు చుట్టలు వేస్తారు. ఖర్చులో పెద్ద భాగం పోవలసింది ఇక్కడికే.

ఇక పనిముట్లు. సముద్రం అడుగుకు తాడుతో కట్టి నీటిలో తేలే మైన్లను తొలగించే పాత పద్ధతిలో నౌక వెనుక పొడవాటి ఇనుప తీగను లాగుతారు; నీటి ఒత్తిడితో పక్కకు జరిగే బోర్డు తీగను వెడల్పుగా విప్పుతుంది, తీగకున్న కత్తెరలు మైను తాడును తెంచుతాయి. కాకినాడ మరబోటులో పనిచేసిన వారెవరికైనా ఇది అర్థమవుతుంది, ఎందుకంటే ట్రాల్ వల నోరు తెరిచి ఉంచే బోర్డుల సూత్రమూ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన చేపల ట్రాలర్లనూ వాటి సిబ్బందినీ ఈ పనికి దించింది.

అసలు చిక్కు అడుగున పడి ఉండే మైన్లతో వస్తుంది. ఇప్పుడు చాలా దేశాలు సోనార్‌తో, అంటే ధ్వనిని పంపి నీటి అడుగును చూసే పరికరంతో, వెతికి, చిన్న నీటి అడుగు యంత్రాన్ని పంపి నాశనం చేసే పద్ధతికి మారుతున్నాయి. గోదావరి ముఖద్వారాల ముందు ఆ ఒక్క పద్ధతినే నమ్ముకోలేం. నది తెచ్చిన మెత్తటి ఒండ్రులో మైను కూరుకుపోతే సోనార్‌కు కనబడదు. బురద నీటిలో కెమెరా పనిచేయదు. వరద రోజుల్లో ఉప్పునీటి మీద పరుచుకునే తీపినీటి పొర దగ్గర ధ్వని వంగిపోతుంది. ఒండ్రులో దాగిన మైను మాత్రం పైన వెళ్లే ఓడ అయస్కాంతాన్ని గుర్తించగలదు. కనుక ఓడ అయస్కాంతాన్నీ శబ్దాన్నీ అనుకరించి మైనును దూరంగానే పేల్చే తీగలు, వాటికి చాలినంత జనరేటర్, వెనుక ఖాళీ డెక్కు ఈ నౌకకు తప్పనిసరి. గ్యాస్ గొట్టాల దగ్గర మళ్లీ ఈ పేల్చే పద్ధతి పనికిరాదు. అక్కడ వీలైన చోట మైనును గాలి సంచులతో లేపి, దూరంగా లాక్కెళ్లి నాశనం చేయాలి. ఈ రెండు రకాల పనికీ ఒకే డెక్కు మీద చోటు చూపడమే రూపకర్తకు పరీక్ష.

ఆయుధం సంగతి ఇంత జరిగాక గానీ చర్చకు రాకూడదు. మెదక్‌లో తయారయ్యే 30 మిల్లీమీటర్ల తుపాకీ మంచిదే, గస్తీ నౌకలకు తగినది. ముప్పై మీటర్ల నౌక మీద దాన్ని ఎక్కిస్తే ఎత్తున ఇనుప బరువు పడుతుంది, నౌక ఒరుగుడు పెరుగుతుంది, పొట్టులో కష్టపడి తగ్గించిన అయస్కాంతం తిరిగి వస్తుంది. తాడు తెగి పైకి తేలిన మైనును ముంచడానికి రైఫిళ్లు, 12.7 మిల్లీమీటర్ల మెషీన్ గన్లు సరిపోతాయి. డ్రోన్ల కాలంలో నౌక తనను తాను కాపాడుకోవద్దా అన్న వాదనలో బలం ఉంది. కానీ వెనుక తీగలు లాగుతూ నెమ్మదిగా, తిన్నగా పోవలసిన నౌక పక్కకు తప్పుకోలేదు. దానిమీద ఎంత తుపాకీ పెట్టినా అది తేలికైన గురే. తీరం కనుచూపులోనే పని జరుగుతుంది కనుక ఆ రక్షణను తోడుగా వచ్చే గస్తీ నౌక, ఒడ్డున ఉంచిన ఆయుధాలు ఇవ్వాలి.

శాంతికాలంలోనూ ఈ నౌకకు తీరిక ఉండదు. వరద తగ్గిన ప్రతిసారీ ముఖద్వారాల ముందు అడుగు మారుతుంది, నిరుటి పటం చెల్లదు. ఏటా కార్తీకంలో కాకినాడ, ఓడలరేవు దారుల అడుగును మళ్లీ సోనార్‌తో చిత్రించి, పాత వస్తువులన్నిటినీ నమోదు చేసి ఉంచితే, కొత్తగా వచ్చిన వస్తువు ఏదో వెంటనే తేలుతుంది. ఆ నమోదు మొదలుపెట్టేటప్పుడు భైరవపాలెం, కాకినాడ, అంతర్వేది జాలర్లను పిలిచి, వలలు తగులుకుని చిరిగే చోట్లన్నీ అడిగి రాసుకోవాలి. ఇందుకు కొత్త నౌక వచ్చేదాకా ఆగనక్కర్లేదు.